ఎల్‌ఎల్‌ఆర్ తీయాలంటే: స్కూటీ నుంచి టిప్పర్ దాకా ఏ బండికి ఏం కావాలి?

ఎల్‌ఎల్‌ఆర్ (బండి నేర్చుకోవడానికి ముందు ఇచ్చే లెర్నర్ లైసెన్స్) అనగానే అందరికీ టెన్షన్ కంప్యూటర్ టెస్టు గురించే. ఆ టెస్టు రెండు సాయంత్రాలు కూర్చుని చదివితే వచ్చేస్తుంది. అసలు చిక్కులు దానికంటే ముందే ఉంటాయి. ఏ బండికి టిక్ పెట్టాలో తేల్చుకోకుండా అప్లై చేయడం ఒకటి. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు ఉండటం రెండోది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొత్తగా లైసెన్స్ తీసుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి ఆ రెండింటి గురించే ఎక్కువ చెబుతాను. సైట్లో బటన్లు నొక్కే పని చివర్లో చూసుకోవచ్చు.

ముందు బండి సంగతి తేల్చుకోండి

లైసెన్స్ మనిషికి ఒకటే. కానీ దానిమీద ఏయే తరగతి బండ్లు తోలవచ్చో విడివిడిగా రాసి ఉంటుంది. ఎల్‌ఎల్‌ఆర్ కూడా అంతే. వయసు, కాగితాలు, ఎంతకాలం ఆగాలి అన్నవన్నీ 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ తరగతిని బట్టే మారతాయి.

గేర్లు లేని రెండు చక్రాల బండితో మొదలుపెడదాం. "పదహారేళ్ళకే స్కూటీ లైసెన్స్ ఇస్తారంట గదా" అని ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. చట్టంలో 16 ఏళ్ళ మాట నిజమే, అయితే అది ఇంజన్ 50 సీసీ దాటని బండికి మాత్రమే. దానికి కూడా తల్లి గానీ తండ్రి గానీ సంరక్షకులు గానీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇప్పుడు షోరూముల్లో అమ్మే యాక్టివా, జూపిటర్, యాక్సెస్ లాంటి స్కూటర్లన్నీ 110, 125 సీసీలవి. వాటికి 18 నిండాల్సిందే. అంటే ఆ 16 ఏళ్ళ వెసులుబాటు కాగితం మీద ఉన్నా, మన ఇళ్ళలో ఉన్న బండికి పనికిరాదు.

ఎలక్ట్రిక్ స్కూటర్ల విషయంలో ఇంకో అపోహ ఉంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, ఆ రకంగా ఆమోదం పొందిన బండికే లైసెన్స్ అక్కర్లేదు. అంతకంటే జోరుగా పోయే ఎలక్ట్రిక్ బండి ఏదైనా మామూలు స్కూటర్ కిందే లెక్క. కొనేటప్పుడు షాపువాళ్ళు నోటితో చెప్పింది కాకుండా, దానికి రిజిస్ట్రేషన్ నంబరు వస్తుందా అని అడగండి. నంబరు వచ్చేదైతే లైసెన్స్ కూడా కావాలి.

గేర్లున్న బైకుకు 18 నిండాలి. దీనికి లైసెన్స్ తీసుకుంటే గేర్లు లేని స్కూటర్ కూడా తోలవచ్చు కాబట్టి, క్లచ్ పట్టుకోవడం వస్తుందనుకునేవాళ్ళు నేరుగా దీనికే అప్లై చేయడం మేలు. ఇంట్లో ఆడపిల్లలకు "నీకు స్కూటీ చాల్లే" అని గేర్లు లేని తరగతికే టిక్ పెట్టిస్తుంటారు. రేపు ఉద్యోగంలో చేరాకో, అన్న బైకు తీయాల్సి వచ్చాకో మళ్ళీ మొదటి నుంచీ తిరగాలి. ఆ మాట ఇప్పుడే ఆలోచించుకోండి.

కారు, జీపు, వ్యాను లాంటివి ఎల్‌ఎంవీ కిందికి, అంటే తేలికపాటి వాహనాల కిందికి వస్తాయి. వయసు 18. ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టరు కూడా చట్టంలోని నిర్వచనం ప్రకారం ఎల్‌ఎంవీయే. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు వరి పండించే ఊళ్ళలో ట్రాక్టరుకు లైసెన్స్ ఏంటనే ధోరణి ఇంకా ఉంది. పొలంలో దున్నేటప్పుడు ఎవరూ అడగరు. ధాన్యం వేసుకుని మిల్లుకు బయల్దేరి రోడ్డెక్కితే మాత్రం అది అన్ని బండ్లలాంటిదే.

ఆటో, టాటా ఏస్, బొలెరో పికప్‌ల దగ్గరే ఎక్కువ గందరగోళం. ఇవి కిరాయికి తిరిగే బండ్లు కాబట్టి ట్రాన్స్‌పోర్ట్ అని ప్రత్యేకంగా రాయించుకోవాలా అన్న ప్రశ్న ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు అక్కర్లేదని చెప్పింది. 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే మాటను ఖాయం చేసింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో తోలవచ్చు. ఉలవపాడు నుంచి మామిడికాయలు తోలే టాటా ఏస్ అయినా, రొయ్యల గుంటలకు మేత చేర్చే పికప్ అయినా ఈ కొలతలోపే ఉంటాయి. బండి మొత్తం బరువు ఎంతో రిజిస్ట్రేషన్ కార్డు, అంటే ఆర్‌సీ మీద ఉంటుంది, ఒకసారి చూసుకోండి. రవాణా బండి తోలేవాళ్ళకు చట్టంలో 20 ఏళ్ళ నిబంధన ఒకటి విడిగా ఉంది కాబట్టి, 18 నిండగానే అప్పు చేసి ఆటో కొనకుండా 20 దాకా ఆగడం మంచిదని నా సలహా. ఆలోపు ఎల్‌ఎంవీ లైసెన్స్ తీసుకుని చెయ్యి కుదుర్చుకోవచ్చు.

ఇక పెద్ద బండ్లు. చీమకుర్తి గ్రానైట్ లారీలు, కృష్ణపట్నం పోర్టుకు తిరిగే ట్రక్కులు, టిప్పర్లు, బస్సులు. వీటికి నేరుగా ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. ముందు ఎల్‌ఎంవీ శాశ్వత లైసెన్స్ చేతికొచ్చి కనీసం ఏడాది గడవాలి, వయసు 20 నిండాలి. డాక్టరు సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం, అంటే ఫారం 1ఏ కావాలి. తర్వాత లైసెన్స్ టెస్టుకు వెళ్ళేటప్పుడు గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 ధ్రువపత్రం తప్పనిసరి. ప్రకాశం జిల్లాలో దర్శి దగ్గర పెద్ద వాహనాల డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. క్లీనరుగా చేరి లారీ నేర్చుకుందామనుకునే కుర్రాళ్ళు ముందు అక్కడ కనుక్కోవడం మంచిది. ఒకప్పుడు ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే నిబంధన ఉండేది, దాన్ని 2019లో తీసేశారు. చదువు లేదని ఇప్పుడు ఎవరైనా వెనక్కి పంపితే అది పాత రూలు.

మైనర్‌కు బండి ఇస్తే ఏమవుతుంది

దీన్ని క్లుప్తంగానే చెబుతాను గానీ తేలిగ్గా తీసుకోవద్దు. 2019 సవరణ తర్వాత, మైనర్ బండి తోలుతూ నేరం చేస్తే ఆ తప్పు తల్లిదండ్రులది లేదా బండి యజమానిది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా ఎల్‌ఎల్‌ఆర్ గానీ లైసెన్స్ గానీ ఇవ్వకపోవడం. "మావాడు బాగా తోలతాడు" అని మురిసిపోయే నాన్నలు ఆ చివరి మాట ఇంకోసారి చదవాలి.

కాగితాలు: పేరు దగ్గర ఆగండి

కావాల్సినవి ఎక్కువేం కాదు. వయసుకు రుజువు: పదో తరగతి మెమో, జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు లాంటిది ఏదైనా ఒకటి. చిరునామాకు రుజువు: ఆధార్, ఓటరు కార్డు లాంటిది. ఫోటో, సంతకం. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు. ఆరోగ్యం గురించి ఫారం 1.

ఇందులో అందరూ జారేది పేరు మీద. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో ఇంటిపేరు వెనక్కి పోయి ఉంటుంది. వెంకటేశ్వర్లు అనే పేరుకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో ఆ పేరున్నవాళ్ళకే తెలుసు. పెళ్ళయిన ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరు ఒక కార్డులో, మెట్టినింటి ఇంటిపేరు ఇంకో కార్డులో ఉంటుంది. ఆధార్ ఓటీపీతో అప్లై చేస్తే వివరాలు ఆధార్‌లో ఉన్నవి ఉన్నట్టే దిగుతాయి. అంటే లైసెన్స్ మీద పడేది ఆధార్‌లోని పేరే. అది మీరు జీవితాంతం వాడదలచుకున్న పేరేనా అని అప్లై చేయకముందే చూసుకోండి.

పెద్దవాళ్ళ ఆధార్‌లో పుట్టిన తేదీకి బదులు సంవత్సరం ఒక్కటే ఉండటం, లేదా అందరికీ జనవరి 1 అని పడి ఉండటం కూడా మామూలే. అలా ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో సరిచేయించుకోండి. ఫోన్ నంబరు మార్చుకుని పాత సిమ్ పారేసినవాళ్ళు కూడా ముందు వెళ్ళాల్సింది అక్కడికే, ఎందుకంటే ఓటీపీ పాత నంబరుకే పోతుంది. ఈ పని పూర్తయ్యాకే ఫీజు కట్టండి.

ఫారం 1 సొంత ప్రకటన. మూర్ఛ లాంటివి ఉన్నాయా, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా (అద్దాలు పెట్టుకుని చదివినా సరే), ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా అని అడుగుతుంది. నిజం రాయండి. 40 దాటినవాళ్ళకు, ట్రాన్స్‌పోర్ట్ తరగతికి వెళ్ళేవాళ్ళకు దీంతో సరిపోదు, డాక్టరు పరీక్షించి సంతకం చేసిన ఫారం 1ఏ కూడా కావాలి. రిటైరయ్యాక కారు నేర్చుకునేవాళ్ళు మరిచిపోయేది ఇదే.

ఏ ఆఫీసుకు వెళ్ళాలి

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి, గూడూరు, సూళ్ళూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి, అద్దంకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. ఆ హద్దుల్లో కొన్ని 2025 చివర్లో మళ్ళీ మారాయి. ఇలాంటి మార్పుల వల్ల పాత చిరునామాలో ఒక జిల్లా పేరు, కొత్త కాగితంలో ఇంకో జిల్లా పేరు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. దానికి కంగారు అక్కర్లేదు. అప్లికేషన్‌లో పిన్‌కోడ్, మండలం సరిగ్గా ఇచ్చి, సైట్ చూపించే ఆఫీసును ఎంచుకోండి. నెల్లూరు, ఒంగోలు నగరాల్లోనే కాకుండా కావలి, కందుకూరు లాంటి చోట్ల కూడా రవాణా శాఖ ఆఫీసులు ఉన్నాయి కాబట్టి ప్రతి పనికీ జిల్లా కేంద్రం దాకా పోనక్కర్లేదు. ఉద్యోగం కోసమో చదువు కోసమో వేరే ఊళ్ళో ఉంటున్నవాళ్ళు అక్కడే అప్లై చేసుకోవడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. కనిగిరి నుంచి వచ్చి నెల్లూరులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు సెలవుల కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు.

అప్లై చేసే పద్ధతి

1. రవాణా శాఖ వారి పరివాహన్ సైట్ తెరిచి, లైసెన్స్ సేవలకు సంబంధించిన సారథి విభాగంలో ఆంధ్రప్రదేశ్ ఎంచుకోండి. అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. అదే పోలికతో డబ్బు గుంజే సైట్లు ఉన్నాయి. వాట్సాప్‌లో చలానా అంటూ, పరివాహన్ యాప్ అంటూ వచ్చే ఏపీకే ఫైలును (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) అసలు తాకవద్దు, బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది.

2. కొత్త ఎల్‌ఎల్‌ఆర్ దరఖాస్తు తెరిచి, ఆధార్ ఓటీపీతో ముందుకు వెళ్ళండి. వివరాలు ఒక్కొక్కటే చదవండి. రక్తం గ్రూపు అడిగితే ఊహించి రాయవద్దు. ప్రమాదం జరిగిన రోజు ఆ కార్డు చూసేవాళ్ళు ఉంటారు.

3. వాహన తరగతులు ఎంచుకోండి. బైకు, కారు రెండూ నేర్చుకోవాలనుకుంటే రెండింటికీ ఒకే అప్లికేషన్‌లో టిక్ పెట్టవచ్చు. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ ఫీజు ఒక్కో తరగతికి 150 రూపాయలు, టెస్టుకు 50. వీటిమీద రాష్ట్రం సర్వీసు చార్జీ కలుస్తుంది. స్క్రీన్ మీద కనిపించిన మొత్తమే ఆఖరు, దానిమీద ఎవరికీ ఇంకేమీ ఇవ్వక్కర్లేదు.

4. ఫారం 1 ప్రశ్నలకు జవాబులు ఇచ్చేచోటే అవయవదానానికి సమ్మతమా అని కూడా అడుగుతుంది. ఇష్టమైతేనే ఒప్పుకోవచ్చు, లైసెన్స్‌కు దానికి సంబంధం లేదు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి టిక్ పెడితే బాగుంటుంది.

5. కాగితాలు, ఫోటో, సంతకం ఎక్కించి, ఫీజు కట్టి, అప్లికేషన్ నంబరు రాసి పెట్టుకోండి. తర్వాత స్క్రీన్ చూపించే దారినిబట్టి టెస్టుకు స్లాట్ తీసుకోండి. ఆఫీసుకు వెళ్ళాల్సి వస్తే ఒరిజినల్ కాగితాలన్నీ వెంట ఉండాలి.

నెట్ సెంటర్లో చేయించుకున్నా తప్పులేదు. కాకపోతే ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. సెంటర్ అబ్బాయి తన నంబరు వేసేస్తే, తర్వాత ప్రతి ఓటీపీకీ అతని చుట్టూ తిరగాలి. ఆఫీసు గేటు బయట పలకరించే ఏజెంట్ల విషయం మీ ఇష్టం. పైన చెప్పిన పనుల్లో చదువుకున్నవాళ్ళకు చేతకానిది ఒక్కటీ లేదు.

టెస్టులో ఏం అడుగుతారు

తెలుగులో రాయవచ్చు. పాసవ్వాలంటే కనీసం 60 శాతం జవాబులు సరిగ్గా ఉండాలి. రూల్ ప్రకారం ఈ విషయాల మీద ప్రశ్నలుంటాయి. ట్రాఫిక్ గుర్తులు, రోడ్డు నిబంధనలు, ప్రమాదం జరిగితే డ్రైవరు చేయాల్సింది, వెంట ఉండాల్సిన కాగితాలు. కాపలా లేని రైల్వే గేటు దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు కూడా అడుగుతారు.

గుర్తుల్ని బట్టీ పట్టడం కంటే వాటి ఆకారం పట్టుకోండి. గుండ్రటిది ఆజ్ఞ, పాటించాల్సిందే. త్రికోణం హెచ్చరిక, ముందేదో ఉంది. దీర్ఘచతురస్రం సమాచారం. ఎర్ర అంచు గుండ్రంలో హారన్ బొమ్మ మీద గీత ఉంటే హారన్ కొట్టకూడదు. త్రికోణంలో పిల్లలుంటే దగ్గర్లో బడి ఉంది. ఈ మూడు ఆకారాలు అర్థమైతే, ఎప్పుడూ చూడని గుర్తుకు కూడా సగం జవాబు దొరికినట్టే.

రోడ్డు నిబంధనల్లో తడబడేవి కొన్ని ఉన్నాయి. ఓవర్‌టేక్ కుడివైపు నుంచే చేయాలి. ముందు బండి కుడికి తిరుగుతున్నట్టు సిగ్నల్ ఇచ్చినప్పుడే ఎడమ నుంచి పోవచ్చు. రౌండ్‌అబౌట్‌లో అప్పటికే తిరుగుతున్న బండికి, అంటే మన కుడివైపు నుంచి వచ్చేదానికి, దారి ఇవ్వాలి. ఘాట్‌లో ఎక్కేవాళ్ళది ముందు, దిగేవాళ్ళు ఆగాలి. గిద్దలూరు నుంచి నల్లమల మీదుగా నంద్యాల వైపు పోయేవాళ్ళకు ఇది పరీక్ష కోసమే కాదు, రోజూ పనికొచ్చే మాట. రోడ్డు మధ్య తెగకుండా గీసిన గీత దాటకూడదు, ముక్కలుగా ఉన్న గీతను జాగ్రత్తగా దాటవచ్చు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉంటే అది తాగి నడపడమే.

ప్రమాదం జరిగితే గాయపడినవాళ్ళకు వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకు తెలపాలి. కాపలా లేని రైల్వే గేటు దగ్గర బండి ఆపాలి. కండక్టరో క్లీనరో పక్కనున్న మనిషో దిగి, పట్టాల దాకా వెళ్ళి రెండువైపులా రైలు రావడం లేదని చూశాకే దాటాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. వెంట ఉండాల్సినవి లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతుంది.

టెస్టు పోతే పోనీయండి. ఫీజు 50 కట్టి మళ్ళీ రాయవచ్చు. అప్లికేషన్ కొత్తగా పెట్టక్కర్లేదు.

ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక

ఇది ఇచ్చిన తేదీ నుంచి 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు నిండకుండా డ్రైవింగ్ టెస్టుకు పోకూడదు. ఈ మధ్యకాలంలోనే నేర్చుకోవాలి, స్లాట్ తీసుకోవాలి. ఆరో నెలాఖరులో బుక్ చేద్దామనుకుంటే స్లాట్ దొరక్కపోవచ్చు. గడువు దాటితే ఎల్‌ఎల్‌ఆర్ మళ్ళీ మొదటి నుంచి తీయాల్సిందే. రెండో నెలలోనే స్లాట్ చూసుకోవడం తెలివైన పని.

ఎల్‌ఎల్‌ఆర్ ఉంది కదా అని ఒంటరిగా రోడ్డెక్కడం కుదరదు. కారులో అయితే, ఆ తరగతి లైసెన్స్ ఉన్న మనిషి పక్క సీట్లో, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. బైకు మీద నేర్పే మనిషి తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు. తమ్ముణ్ణి కాలేజీలో దింపడం కూడా దీనికి విరుద్ధమే. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ అక్షరం కనిపించాలి. పలక కొలత 18 సెంటీమీటర్ల చతురస్రం. చాలామంది కాగితం మీద స్కెచ్‌పెన్నుతో గీసి అతికిస్తారు, నాలుగు రోజుల్లో రంగు వెలిసి అది ఎవరికీ కనిపించదు. స్టిక్కరు షాపులో అడిగితే దొరుకుతుంది. హెల్మెట్ నేర్చుకునేవాళ్ళకూ తప్పదు. లైసెన్స్ లేకుండా తోలితే జరిమానా 5,000 రూపాయలు. పక్కన నేర్పే మనిషి లేకుండా ఎల్‌ఎల్‌ఆర్‌తో తిరిగి గుద్దుకుంటే ఇన్సూరెన్స్ దగ్గర కూడా పేచీ వస్తుంది.

నేర్చుకోవడానికి నెల్లూరు, ఒంగోలు ట్రంకు రోడ్లు ఎంచుకోకండి. హైవే 16 మీదికి అసలే వద్దు, అక్కడ పోర్టు లారీలు, చెన్నై బస్సులు పోయే వేగానికి కొత్త చేతులు వణుకుతాయి. ఉదయం ఆరు గంటలకు ఊరి బయట లేఅవుట్లలో వేసిన ఖాళీ రోడ్లు చాలు. క్లచ్, బ్రేకు, రివర్స్ కుదిరాక మెల్లగా బజారులోకి రండి.

డ్రైవింగ్ టెస్టు తప్పితే 7 రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళవచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

ఇప్పటికే లైసెన్స్ ఉన్నవాళ్ళకు

బైకు లైసెన్స్ ఉండి ఇప్పుడు కారు కొన్నవాళ్ళు కొత్త లైసెన్స్ కోసం అప్లై చేయకూడదు. ఒకే మనిషికి రెండు లైసెన్సులు ఉండటం చట్టవిరుద్ధం. ఉన్న లైసెన్స్‌లోనే కొత్త తరగతి చేర్చమని అడగాలి. సారథిలో దానికి వేరే ఎంపిక ఉంటుంది. కారుకు ఎల్‌ఎల్‌ఆర్ తీయాలి, 30 రోజులు ఆగాలి, డ్రైవింగ్ టెస్టుకు పోవాలి, ఇవేమీ తప్పవు. చెల్లుబాటులో ఉన్న లైసెన్స్ ఉన్నవాళ్ళకు కంప్యూటర్ టెస్టు మాత్రం మినహాయింపు. పాత పుస్తకం లైసెన్స్ అయితే, తరగతి చేర్చమని అడిగే ముందే ఆ వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కాయో లేదో ఆఫీసులో కనుక్కోండి. నంబరు కొట్టినప్పుడు సైట్లో ఏమీ రాకపోతే, ముందు వాటిని ఎక్కించమని అక్కడే అడగాలి.